పరుగు ఆగినప్పటి జాకెట్

చి. బుజ్జికి,

నువ్వు పంపిన రెండు జాకెట్ల ఫొటోలూ, వాటి కింద ఉన్న అంకెలూ అన్నీ చూశాను. ఒకటి 110 గ్రాములు, రెండోది 210. "వంద గ్రాములు తగ్గితే కొండెక్కేటప్పుడు తెలుస్తుంది కదా పిన్నీ" అని అడిగావు. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుందని కూర్చుని రాస్తున్నాను. కొనేదాకా ఈ ఉత్తరం దగ్గర పెట్టుకో.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకో. పరిగెడుతున్నంతసేపూ ఏ జాకెట్టూ నిన్ను పూర్తిగా పొడిగా ఉంచలేదు. పైన వానని ఆపినా లోపల చెమట పడుతూనే ఉంటుంది. అయినా చలి వెయ్యదు, ఎందుకంటే పరుగులో ఒంట్లో పుట్టే వేడే నిన్ను కాపాడుతుంది. చీలమండ మెలికపడి ఓ రాయి మీద కూలబడ్డావనుకో, ఆ వేడి కాసేపట్లోనే తగ్గిపోతుంది. ఒంటికంటుకున్న తడి బట్టా, మీదికొచ్చే గాలీ కలిసి మిగిలిన కాస్త వేడినీ లాగేస్తాయి. సాయం వచ్చేసరికి గంటలు పట్టవచ్చు. ఆ గంటల కోసమే జాకెట్ కొనుక్కోవాలి.

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదమ్మా. 2021 మే 22న చైనాలోని గాన్సులో జరిగిన 100 కిలోమీటర్ల కొండ పరుగులో ఉన్నట్టుండి వడగళ్లూ, చలిగాలీ ముంచుకొచ్చాయి. 21 మంది చనిపోయారు. వాళ్లలో ఆ దేశమంతా పేరున్న రన్నర్లున్నారు. చాలామంది ఒంటి మీద నిక్కరూ పల్చటి చొక్కా తప్ప ఇంకేమీ లేవు. గాలిని ఆపే జాకెట్ ఆ పోటీలో తప్పనిసరి సామాన్ల జాబితాలో లేదు. అందుకే నిర్వాహకులు ఎవరైనా జాకెట్ చూపించమంటే విసుక్కోకు.

మన వైపు వానని మనసులో పెట్టుకుని కొలతలు వేసుకోకు. వికారాబాద్ దగ్గర అనంతగిరిలో జూలై వానలో పరిగెత్తితే తడిసినా హాయిగానే ఉంటుంది, జాకెట్ వేసుకుంటేనే ఉక్కపోత. ఇక్కడ, ఇంగ్లండ్‌లో, బారోడేల్ లోయలోని సీత్‌వెయిట్‌లో ఏడాదికి సుమారు 3,500 మి.మీ. వాన పడుతుంది. హైదరాబాద్ వానకి ఇది నాలుగు రెట్లకి పైమాటే. పైకి వెళ్లేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకీ సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. కెస్విక్ ఊళ్లో 10 డిగ్రీలుంటే 931 మీటర్ల స్కిడా మీద నాలుగైదే ఉండొచ్చు, అదీ గాలి సంగతి పక్కన పెడితే. మీ షెఫీల్డ్ పక్కనున్న కిండర్ స్కౌట్ 636 మీటర్లే కదా అనుకోకు. పైన అంతా బల్లపరుపు, గాలికి అడ్డమే ఉండదు.

ఇక జాకెట్ సంగతి. లేబుల్ మీద "వాటర్ రెసిస్టెంట్" అనో "షవర్‌ప్రూఫ్" అనో ఉంటే దాన్ని అక్కడే వదిలెయ్యి. అది చినుకులకి పనికొస్తుంది, వానకి కాదు. జాకెట్‌ని లోపలి వైపుకి తిప్పి కుట్లు చూడు. ప్రతి కుట్టు మీదా సన్నటి టేప్ అతికించి ఉండాలి. గుడ్డ ఎంత గొప్పదైనా సూది చేసిన చిల్లుల్లోంచి నీళ్లు దిగుతాయి. ఇక్కడి కొండ పరుగుల సంఘం, ఫెల్ రన్నర్స్ అసోసియేషన్ నియమాల్లో కూడా కుట్లకి టేప్, జాకెట్‌తో కలిసి ఉన్న హుడ్ అని స్పష్టంగా ఉంటుంది.

అంకెల్లో మొదటిది 10,000 మి.మీ. గుడ్డ మీద నీటి స్తంభం నిలబెట్టి, ఎంత ఎత్తుకి నీళ్లు లోపలికి దిగడం మొదలవుతాయో చూస్తారు. 10,000 అంటే పది మీటర్లు, దాదాపు మూడంతస్తుల మేడంత. వాన చినుక్కి అంత బలం ఉండదు గానీ, బ్యాగు పట్టీలు భుజాల మీద నొక్కే చోట, తడి రాయి మీద కూర్చున్న చోట ఆ బలం అవసరమవుతుంది. ఆల్ప్స్‌లో జరిగే యూటీఎంబీ పోటీ కూడా కనీసం 10,000 ఉండమని సిఫారసు చేస్తుంది. నువ్వు చూసిన రెండూ దానికి పైనే ఉన్నాయి. 20,000 కోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

రెండో అంకె గాలాడే గుణానిది. అక్కడే అందరూ మోసపోతారు. కొన్ని కంపెనీలు ఒక చదరపు మీటరు గుడ్డలోంచి 24 గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరి బయటికి పోతుందో రాస్తాయి, అది ఎక్కువుంటే మంచిది. కొన్ని రెట్ అనే కొలత రాస్తాయి, అది తక్కువుంటే మంచిది. యూటీఎంబీ వాళ్లు 13 కంటే తక్కువ ఉండమంటారు. అయితే గ్రాముల లెక్కకి పరీక్ష పద్ధతులు చాలా ఉన్నాయి. అందుకని ఒక కంపెనీ అంకెని ఇంకో కంపెనీ అంకె పక్కన పెట్టి తూచకు. పైగా ఆవిరి బయటికి పోవాలంటే లోపల వేడీ తేమా ఎక్కువగా, బయట తక్కువగా ఉండాలి. బయట కూడా తేమగా, వెచ్చగా ఉంటే ఎంత ఖరీదైన పొర అయినా చేసేది తక్కువే. అందుకే నేను అంకె కంటే జిప్పుని ఎక్కువ నమ్ముతాను. పై నుంచి కింద దాకా తెరుచుకునే జిప్పుంటే ఎక్కేటప్పుడు సగం తీసి, శిఖరం మీద వేసేసుకోవచ్చు. సగం జిప్పు జాకెట్ కొంచెం తేలికే గానీ, గాలిలో వణుకుతూ దాన్ని తల మీంచి తొడుక్కోవడం చాలా కష్టం.

హుడ్ మాత్రం బాగా చూడు, నీకు కళ్లజోడుంది కాబట్టి మరీనూ. ముందు అంచు గట్టిగా, కాస్త బయటికి చాచి ఉండాలి. లేకపోతే వాన నేరుగా అద్దాల మీద పడుతుంది, దారి కనబడదు. చుట్టూ ఎలాస్టిక్ ఉండాలి, వెనక బిగించుకునే తాడుంటే ఇంకా మంచిది. హుడ్ వేసుకుని తల పక్కకి తిప్పి చూడు. తలతోపాటు హుడ్ కూడా తిరగాలి. తల తిరిగి హుడ్ అక్కడే ఉండిపోతే కంటికి కనిపించేది దాని లోపలి గుడ్డే.

నువ్వడిగిన 110 గ్రాముల జాకెట్ హుడ్‌కి అంచు లేదు, జిప్పు సగమే, గుడ్డ గోరు తగిలితే చిరిగేంత పల్చన. మూడు గంటల లోపు పరుగుకి, వాతావరణం బాగున్న రోజుల్లో బ్యాగులో పడి ఉండటానికైతే అది చాలు. నువ్వు నవంబరులో, ఈ కొండల మీద, చీకట్లో కూడా పరిగెత్తాలనుకుంటున్నావు. 210 గ్రాములదే తీసుకో. అది మూడు పొరల గుడ్డ, పట్టీల రాపిడికి తట్టుకుంటుంది, చెమటకి ఒంటికి అంటుకోవడమూ తక్కువ. అంతకన్నా బరువున్నది, 350 గ్రాముల ట్రెక్కింగ్ జాకెట్ లాంటిది వద్దు. ఎండగా ఉన్న పొద్దున దాన్ని ఇంట్లో వదిలేసి వెళ్తావు. రంగు నారింజో ఎరుపో తీసుకో. మౌంటెన్ రెస్క్యూ వాళ్లందరూ స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే, మసకమసకగా ఉన్న పొదల్లో నల్ల జాకెట్‌ని వెతకమనడం అన్యాయం.

కొన్న తరువాత దాని సంరక్షణ కూడా నీ పనే. కొత్తలో నీటి చుక్కలు ముత్యాల్లా జారిపోతాయి. కొన్నాళ్లకి చెమటా, మురికీ పట్టి పై గుడ్డ నీళ్లు పీలుస్తుంది. అప్పుడు ఆవిరి బయటికి పోలేక లోపల చెమటే చల్లబడి నీళ్లవుతుంది. చాలామంది జాకెట్ కారుతోందని పారేస్తారు. అది కారడం కాదు. లేబుల్ మీద ఉన్నట్టే ఉతుకు. ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ మాత్రం ఎన్నడూ పొయ్యకు. బాగా జాడించాక, లేబుల్ ఒప్పుకుంటే డ్రైయర్‌లో తక్కువ వేడికి తిప్పు. ఆ వేడికి పై పూత మళ్లీ పని చేస్తుంది. ఒకప్పుడు ఈ పూతల్లో నేలలో, నీళ్లలో అంత తేలిగ్గా విచ్ఛిన్నం కాని ఫ్లోరిన్ రసాయనాలు ఉండేవి, ఇప్పుడు కంపెనీలు వాటిని మానేస్తున్నాయి. అది మంచి మార్పే, ఆ నీళ్లు తాగేది మనమే కదా. కాకపోతే కొత్త పూతలు జిడ్డుకి త్వరగా లొంగుతాయి, కాబట్టి ఉతకడానికి బద్ధకించకు.

డబ్బు గురించి మొహమాటపడకు. పాత రంగులవి సీజన్ చివర్లో బాగా తగ్గిస్తారు, అప్పుడు తీసుకో. తక్కువ పడితే నేను పంపిస్తాను, మీ అమ్మతో నేను మాట్లాడుకుంటాను. వాటర్‌ప్రూఫ్ ప్యాంటు కూడా కలిపి లెక్క వేసుకో. ఇక్కడి ఫెల్ పోటీల్లో పైనా కిందా రెండూ అడుగుతారు, వాటితోపాటు మ్యాపు, కంపాస్, విజిల్, అత్యవసరానికి తిండి.

పార్సిల్ వచ్చాక లోపల వెచ్చటి చొక్కా వేసుకుని జాకెట్ తొడుగు. నీళ్ల సీసాలు నింపిన రన్నింగ్ బ్యాగ్ దాని మీద తగిలించుకుని చేతులు పైకెత్తు. నడుము బయటపడితే సైజు మార్పించు. గ్లవ్స్ వేసుకుని జిప్పు లాగి చూడు, హుడ్ తాడు బిగించి చూడు. ఇవన్నీ అయ్యాకే ట్యాగు కత్తిరించు.

ప్రేమతో,
మీ పిన్ని