ముందు చక్రాలకు మూడు పనులు

ఎద్దులు బండిని ముందు నుంచి లాగుతాయి. రైలు ఇంజను కూడా సాధారణంగా పెట్టెలను ముందు నుంచే లాగుతుంది. మరి కారు సంగతి ఏమిటి? పాత అంబాసిడర్ కారులో ఇంజను ముందే ఉన్నా, దాని శక్తి కారు కింద పొడవునా ఉండే ఉక్కు కడ్డీ ద్వారా వెనుక చక్రాలకు చేరేది. వెనుక చక్రాలు కారును నెట్టేవి. 1983 డిసెంబరులో మన దేశంలో వచ్చిన మారుతి 800 అలా కాదు. దానిని ముందు చక్రాలే లాగుతాయి. ఈనాడు మనం చూసే చిన్న కార్లలో చాలా భాగం ఇలాంటివే.

లాగడం ఒక్కటే అయితే పరవాలేదు. కారును మలుపు తిప్పేవీ ముందు చక్రాలే. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది కనుక, ఆపే పనిలో పెద్ద వాటా కూడా వాటిదే. ఇన్ని పనులు ఒకేసారి మీద పడితే అవి ఏం చేస్తాయి?

పెద్ద కార్లను ఓడించిన మినీ

1956లో సూయజ్ కాలువ సంక్షోభం వల్ల ఇంగ్లండులో పెట్రోలుకు కరువు వచ్చింది. తక్కువ పెట్రోలుతో నడిచే చిన్న కారు కావలసి వచ్చింది. అలెక్ ఇసిగొనిస్ అనే ఇంజనీరు రూపొందించిన ‘మినీ’ కారు 1959లో వెలువడింది. దాని పొడవు సుమారు 3 మీటర్లే. ఆయన ఇంజనును అడ్డంగా అమర్చి, గేర్లను దాని కిందనే పెట్టి, శక్తిని ముందు చక్రాలకు ఇచ్చాడు. 10 అంగుళాల చిన్న చక్రాలను కారు నాలుగు మూలలకు జరిపాడు. నలుగురు కూర్చునే చోటు మిగిలింది. అంతేకాదు, కొండ దారుల్లో సాగే మాంటీ కార్లో ర్యాలీలో మినీ కూపర్ ఎస్ 1964, 1965, 1967 సంవత్సరాలలో గెలిచింది. ఇంజను బలంలో తనకంటే పెద్ద కార్లను అది మలుపుల్లో ఓడించింది.

కారును తిప్పేది ఏది?

“స్టీరింగు” అంటారు మీరు. స్టీరింగు తిప్పితే చక్రం దిశ మారుతుందంతే. న్యూటన్ మొదటి నియమం ప్రకారం కారు తిన్నగానే పోవాలని చూస్తుంది. దానిని వంపులోకి లాగే అభికేంద్ర బలం, టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ నుంచే రావాలి. ఒక్కొక్క టైరు రోడ్డును తాకే మేర ఇంచుమించు మన అరచేయంత!

లెక్క వేద్దాం. కారు ద్రవ్యరాశి 650 కి.గ్రా., మలుపు వ్యాసార్థం 30 మీటర్లు అనుకోండి. వేగం వర్గాన్ని వ్యాసార్థంతో భాగించి, ద్రవ్యరాశితో గుణిస్తే కావలసిన బలం వస్తుంది.

గంటకు 36 కి.మీ. వేగంలో: 2,167 న్యూటన్లు
54 కి.మీ. వేగంలో: 4,875 న్యూటన్లు
72 కి.మీ. వేగంలో: 8,667 న్యూటన్లు

పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.8 అనుకుంటే, దొరికే గరిష్ఠ బలం 5,096 న్యూటన్లు. తడి రోడ్డు మీద అది 0.4 అనుకుంటే 2,548 న్యూటన్లే. పొడి రోడ్డు మీద 54 కి.మీ. వేగంతో ఎలాగో గట్టెక్కే కారు, వాన పడిన రోజున అదే మలుపులో జారిపోతుంది.

పైథాగరస్ చెప్పే మాట

ఒక టైరు మొత్తం పట్టు 5 పాళ్లు అనుకుందాం. లాగడానికి 3 పాళ్లు వాడితే, తిప్పడానికి 2 పాళ్లు మిగులుతాయా? కాదు, 4 మిగులుతాయి! ఎందుకంటే ఈ రెండు బలాలు ఒకదానికొకటి లంబంగా పనిచేస్తాయి. భుజాలు 3, 4 అయితే కర్ణం 5 కదా. లాగడానికి 4 పాళ్లు వాడితే తిప్పడానికి 3 మిగులుతాయి. మొత్తం 5 పాళ్లూ వాడేస్తే మిగిలేది సున్నా. అప్పుడు స్టీరింగు ఎంత తిప్పినా కారు మలుపు బయటికే పోతుంది.

భారం తగ్గించడం ఎలా?

మొదటిది టైర్లు. గాలి తక్కువైనా, మరీ ఎక్కువైనా పట్టు చెడుతుంది. ఎంత ఉండాలో సాధారణంగా డ్రైవరు తలుపు దగ్గరి చీటీ మీద రాసి ఉంటుంది. టైరు మీది గాళ్లు వాననీటిని పక్కకు నెడతాయి. అవి అరిగితే టైరు నీటి మీద తేలుతుంది.

రెండవది బరువు. మలుపులో బరువు బయటి చక్రాల మీదికి ఒరుగుతుంది. టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, కాస్త తక్కువే పెరుగుతుంది. అంటే లోపలి టైరు పోగొట్టుకున్నంత బయటి టైరు సంపాదించలేదు. అందువల్ల గరిమనాభి కిందికి ఉండాలి, చక్రాలు ఎడంగా ఉండాలి. మినీ రహస్యం ఇదే. కారు పైకప్పు మీద మూటలు పేర్చడం దీనికి సరిగ్గా వ్యతిరేకం.

మూడవది, కుడి ఎడమ చక్రాలను కలిపే ఉక్కు కడ్డీ. వెనుక కడ్డీని గట్టిది చేస్తే, ఒరిగే బరువులో ఎక్కువ వాటా వెనుక చక్రాలు మోస్తాయి. ముందు చక్రాలకు పట్టు మిగులుతుంది. మరీ గట్టిదైతే వెనుక భాగమే జారి కారు గిర్రున తిరుగుతుంది. అందుకే ఇది ఇంజనీర్లు లెక్కకట్టి చేయవలసిన పని.

నాలుగవది నడిపే తీరు. మలుపుకు ముందే, తిన్నని దారిలోనే వేగం తగ్గించాలి. అప్పుడు మలుపులో పట్టు అంతా తిప్పడానికే మిగులుతుంది. ఈనాటి కార్లలోని ఎలక్ట్రానిక్ పరికరాలు ఉన్న పట్టును చక్కగా పంచగలవు. లేని పట్టును సృష్టించలేవు.

చేసి చూడండి

ఒక చెక్క దిమ్మకు ముందు ఒకటి, పక్కన ఒకటి స్ప్రింగు త్రాసులు తగిలించండి. ముందు త్రాసు ఒక్కదానినే లాగి, ఎంత బలానికి దిమ్మ జారిందో రాసుకోండి. తరువాత పక్క త్రాసును కొంచెం లాగి పట్టుకుని, ముందు త్రాసును మళ్లీ లాగండి. ఈసారి దిమ్మ తక్కువ బలానికే జారుతుంది. రెండు బలాల వర్గాలను కూడి, మొదటి బలం వర్గంతో పోల్చండి.

ఇంకొక ప్రశ్న. 60 మీటర్ల వ్యాసార్థం గల తడి మలుపులో కారు జారకుండా గరిష్ఠంగా ఎంత వేగంతో పోవచ్చు? గంటకు 55 కి.మీ. అని వస్తే మీ లెక్క సరైనదే. ఈ లెక్కలో కారు ద్రవ్యరాశి అవసరమే రాలేదు. ఎందుకో ఆలోచించండి.