ఒకే చాప మీద

గ్రామోపాధ్యాయుల కొరకు
చదువవలసిన భాగము: యాకోబు 2:1–9

యాకోబు తన పత్రికలో ఎత్తిచూపిన తప్పిదము కూర్చుండు చోటును గూర్చినది. బంగారు ఉంగరము పెట్టుకొని వచ్చినవానికి మంచి స్థలము. మాసిన బట్టలతో వచ్చినవానికి పాదపీఠము చెంత స్థలము. ఈ భాగమును మనము సాధారణముగా ఆలయములోని బల్లలకు అన్వయించుకొందుము. అది సరియే. అయితే మన దేశములో ఈ తగవు ఆలయముకంటె ముందుగా పల్లెటూరి బడిలో పుట్టును. దానిని ప్రతి ఉదయము ఎదుర్కొనువాడు సంఘకాపరి కాదు, బడిపంతులు.

నేటి కోల్‌కతాకు ఉత్తరమున, హుగ్లీ నదీతీరమున చిన్సురా అను పట్టణము కలదు. అది ఒకప్పుడు డచ్చివారి స్థావరము. 1814 జూలైలో లండను మిషనరీ సంఘమునకు చెందిన రాబర్టు మే అక్కడ తన యింటిలో 16 మంది బాలురతో ఒక బడి తెరచెను. మరుసటి యేట కంపెనీ ప్రభుత్వము ఆ పనికి నెలకు 600 రూపాయల సహాయము మంజూరు చేసెను. 1818లో మే మరణించునాటికి ఆ ప్రాంతపు ఊళ్లలో 36 బడులును, వాటిలో ఇంచుమించు 3,000 మంది పిల్లలును ఉండిరి. లెక్కలు నేర్పుటకు ఆయన బెంగాలీలో వ్రాసిన పుస్తకమును జనులు ‘మే గణితము’ అనియే పిలిచిరి.

అంకెలు చెప్పుట సులభము. ఆ బడుల చరిత్రలో అంకెలకు దొరకని సంగతి యొకటి కలదు. తొలిదినములలో బ్రాహ్మణ బాలుడు ఇతర కులపు బాలునితో ఒకే చాప మీద కూర్చుండనొల్లకుండెను. పిల్లలే కాదు, వారికి చదువు చెప్పవలసిన ఉపాధ్యాయులును అదే ఆక్షేపణ చెప్పిరి. కొంతకాలమునకు ఎవరి నిర్బంధమును లేకుండ, తమంతట తామే ఆ ఆక్షేపణను విడిచిపెట్టిరి. నాటి ప్రభుత్వపు కాగితములలో ఈ సంగతి ఒకటి రెండు వాక్యములలో ముగిసిపోవును. ముప్పదియారు బడులకంటె ఈ ఒకటి రెండు వాక్యములే నాకు ఘనముగా తోచుచున్నవి. ఎందుకనగా, ఆ చాప మీద పిల్లలను కలిపి కూర్చుండబెట్టుటకు గ్రామోపాధ్యాయుడు దేనిని పణముగా పెట్టవలసియుండెనో ఆలోచించి చూడుడి.

ఆ కాలపు బెంగాలీ గ్రామోపాధ్యాయుని బ్రదుకును మనకు వివరముగా తెలియజేసినవాడు విలియం ఆడము. ఆయన 1818లో బాప్తిస్టు మిషనరీగా వచ్చి, పిమ్మట ఆ సంఘమును విడిచిపోయెను. ప్రభుత్వము కోరగా 1835 మొదలు 1838 వరకు మూడు నివేదికలు సిద్ధపరచెను. వాటిని చదివినప్పుడు పంతులు జీతమనునది ఎంత చిల్లర వ్యవహారమో తెలియును. కొందరు పిల్లలు నెలకు కొంత రుసుము తెచ్చెదరు. కొందరు వండని బియ్యము, కూరగాయలు తెచ్చెదరు. కొందరు వారమునకొకసారి ఏదో కానుక, కొందరు సంవత్సరమునకొకసారి బట్టలు. బడికి ప్రత్యేకమైన కట్టడము ఉండుట అరుదు. ఊరి పెద్ద యింటి అరుగో, అంగడి వసారాయో, చండీమండపమో బడి అగును. అనగా కూడు ఊరివారిది, నీడ ఊరి పెద్దది. అట్టివాడు ఊరి కట్టుబాటును కదిలించిన యెడల మరునాడు అతనికి అరుగూ ఉండదు, బియ్యమూ రావు. గ్రామములో చదువు చెప్పువారి కష్టమును గూర్చి మాటలాడునప్పుడు మనము దూరమును, ఒంటరితనమును, చాలీచాలని జీతమును చెప్పుకొందుము. ఇవి నిజమైన కష్టములే. కాని ఎవరిచేతి అన్నము తినుచున్నాడో వారి మనస్సులనే మార్చవలసియుండుట వీటన్నిటికంటె బరువైనది.

ఆ బడులలో వ్రాత నాలుగు మెట్లుగా సాగెడిది. మొదట నేలమీద పుల్లతో అక్షరములు దిద్దుట, తరువాత తాటియాకు, తరువాత అరటియాకు, చివరకు కాగితము. కాగితము వరకు చేరని పిల్లలు ఎందరో ఊహింపవచ్చును. విలియం కేరీ శ్రీరాంపూరునకు రాకమునుపు, మదనావతిలో నీలిమందు కర్మాగారమును చూచుకొనుచున్న దినములలోనే, పేద పిల్లలకు బడి పెట్టెను. తలిదండ్రులు పేదరికముచేత పిల్లలను మాటిమాటికి పనిలోనికి తీసికొనిపోవుట ఆయనకు పెద్ద ఆటంకమాయెను.

ఇచ్చట మిషనరీ బడులను మెచ్చుకొను మనము వినవలసిన మాట యొకటి ఉన్నది. ఆడము బర్ద్వాను జిల్లాలోని 629 బెంగాలీ బడులను పరిశీలించెను. అతి హీనముగా ఎంచబడిన కులముల పిల్లలు, డోములు, చండాలురు మొదలగువారు, ఆ దేశీయ బడులలో ఆరువందలకు పైగా చదువుచుండిరి. అదే జిల్లాలోని 13 మిషనరీ బడులలో అట్టివారు నూరుగురైనను లేరు. ఒక్కొక్క బడికి లెక్క కట్టినచో మిషనరీ బడులదే పైచేయి యగును గాని, అది ఇక్కడ ముఖ్యము కాదు. ఏ సంఘమును జీతమియ్యని, ఏ చరిత్రయు పేరు వ్రాయని పల్లె గురువులు, ఆ పిల్లలను లోనికి రానిచ్చిరి. వేరుగా కూర్చుండబెట్టిన చోట్లును ఉండియుండవచ్చును. అయినను రానిచ్చిరి. వారి తెగువను మనము గౌరవింపవలెను.

మే మరణించిన 1818వ సంవత్సరముననే, అదే నదీతీరమున, శ్రీరాంపూరు ముద్రణాలయమునుండి తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. గ్రంథము వచ్చినది గాని మన పాలెములలో దానిని చదువువారు లేరు. అక్షరము అక్కడికి నడచివచ్చుటకు మరి యేబది సంవత్సరములు పట్టెను.

అక్కడను మొదట అడ్డువచ్చినది చాపయే. 1866లో ఒంగోలు చేరిన క్లౌ దొర అగ్రకులముల బాలురకు బడి నడుపుచుండగా, మాదిగలు క్రీస్తును వెదకుచు వచ్చిరి. వారిని చేర్చుకొన్నచో మేము రామని పైవారు చెప్పిరి. ఆ సమయమున దొరయు దొరసానియు వేరువేరు గదులలో ప్రార్థించి బైబిలు తెరువగా, ఇద్దరికిని 1 కొరింథీ 1:26–29 ఎదురాయెనని క్లౌ చెప్పుకొనెను. ఆ బడి మూతపడినను ఆయన మాదిగలను విడువలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను మనమందరము ఎరుగుదుము. ఇంతమందికి అక్షరములు నేర్పువారెవరు? ఆ భారము పాలెములోని ఉపాధ్యాయునిపై పడెను. అతడును ఆ జనములోనివాడే. పగలు పిల్లలు పశువుల వెంట పోవుదురు గనుక రాత్రి దీపము వెలుగున బడి పెట్టెను. కోతల కాలమున ఆ రాత్రిబడియు పలుచబడెడిది. ఆదివారమున అతడే ప్రసంగించెను, జబ్బుపడినవారిని దర్శించెను, చనిపోయినవారిని పాతిపెట్టెను.

అతని ప్రతిఫలమేమి? దీనిని భక్తిమాటలతో కప్పివేయుట నాకిష్టము లేదు. పాలెములో ఒక పిల్లవాడు చదువ నేర్చినచో, తండ్రి ప్రామిసరీ నోటుపై వ్రేలిముద్ర వేయకముందు ఆ నోటును చదివి వినిపించును. నూరు రూపాయలు అప్పు తీసికొన్నవానిచేత నూటయేబదికి ముద్ర వేయించుకొనుట అప్పటినుండి అంత సులభము కాదు. పంతులు చూచిన ఫలములలో ఇదియొకటి. చూడనివి అనేకములు, బాలుడు పట్టణమునకు పోయి ఉద్యోగస్థుడగును, పంతులు ఆ పాలెములోనే ముసలివాడగును.

నేడు పంతులు జీతము ఊరి బియ్యము మీద ఆధారపడియుండదు. అయినను మిరపకోతలు వచ్చినప్పుడు ఖమ్మము, గుంటూరు ప్రాంతములలో కూలివారి పిల్లలు బడి మానుచునేయున్నారు. చాప తగవును పూర్తిగా పోలేదు. అది కంచమునకు మారినది. 2001లో సుప్రీంకోర్టు, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో పిల్లలకు వండిన భోజనమే పెట్టవలెనని ఆజ్ఞాపించెను. 2003లో మన రాష్ట్రమున ఆ పథకము అమలునకు వచ్చెను. అప్పటినుండి దేశములో పలుచోట్ల, దళిత స్త్రీ వండిన అన్నమును మా పిల్లలు తినరని తలిదండ్రులు బడి ముందు నిలిచిన సంగతులు పత్రికలలో చదువుచునేయున్నాము. అధికారులు తరువాత వచ్చెదరు. ఆ దినమున వారికి ఎదురుగా నిలువవలసినవాడు ఉపాధ్యాయుడే.

ఆ పథకములో ఒక నియమము కలదు. పిల్లలకు వడ్డించుటకు ముందు ఉపాధ్యాయుడు ఆ భోజనమును రుచి చూడవలెను. అది పిల్లల ఆరోగ్యము కొరకు పెట్టిన నియమము. కాని అట్టి ఊరిలో, అట్టి దినమున, తలిదండ్రులందరు చూచుచుండగా, అతడు వంటశాల గడపయొద్ద నిలిచి ఆమె చేతినుండి ముద్ద తీసికొని తినును. పిమ్మట పిల్లలు కంచములతో వరుసగా కూర్చుందురు.