పిలువక వచ్చెడి తలంపులు

గర్భాలయమునకు ఎదురుగా నిలిచి చేతులు మోడ్చిన క్షణముననే, స్వామిని గూర్చి నోట పలుకరాని మాట యొకటి మనస్సులో మెదలినచో భక్తుడేమి చేయవలయును? ఈ ప్రశ్నను పైకి అడుగువారు తక్కువ; లోలోపల కుములువారు పెక్కురు. సిగ్గుచేతను భయముచేతను భార్యకు భర్తయు, తల్లికి బిడ్డయు చెప్పుకొనలేని బాధ యిది. జ్వరమును గూర్చి, కీళ్లనొప్పులను గూర్చి నలుగురిలో మాట్లాడుకొందుము గాని దీనిని గూర్చి మాట్లాడుకొనము. కావున ఈ విషయమును కొంత వివరముగా ముచ్చటించుట అవసరమని తోచినది.

మా వీథిలో ఒక యువకుడు ఉన్నాడు. వయస్సు ముప్పదికి లోపు. వైష్ణవాచారము గల కుటుంబము. ఊర్ధ్వపుండ్రములు ధరించి సహస్రనామ పారాయణము చేయనిదే మంచినీరైనను ముట్టడు. రెండేండ్ల క్రిందట పారాయణము మధ్య ఒక నామము పలుకుచుండగా దానిప్రక్కనే ఒక బూతుమాట మనస్సులో మెరిసినది. ఉలిక్కిపడి మొదటినుండి ప్రారంభించెను. మరునాడు అదే నామమువద్ద అదే మాట. మరల మొదటికి వచ్చెను. అర్ధగంటలో ముగియవలసిన పారాయణము కొన్ని నెలలలో మూడుగంటలకు పెరిగినది. నైవేద్యము చల్లారిపోవుచుండెను, కార్యాలయమునకు ఆలస్యమగుచుండెను. "నేను చెడ్డవాడనా? నిజము చెప్పు" అని భార్యను రోజుకు పదిసార్లు అడుగుచుండెను. చివరకు తిరుమలకు వెళ్లి, గంటలకొలది క్యూలో నిలిచి, బంగారువాకిలి దాటగానే కన్నులు గట్టిగా మూసికొని, స్వామిని చూడకయే వెలుపలికి వచ్చెను. చూచినచో ఏ పాడుతలంపు వచ్చునో యని భయము. ఈ మాట నాతో చెప్పునపుడు అతడు ఏడ్చెను. "మాస్టారూ, నాలో ఏదో రాక్షసాంశ ఉన్నదండీ" అనెను.

రాక్షసాంశ కాదు, అది వ్యాధి. వైద్యులు దీనిని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అందురు, క్లుప్తముగా ఓ.సి.డి. వలదన్నను వచ్చి పీడించు తలంపులో, దృశ్యములో ఒకవైపు. వానివలన కలిగిన ఆందోళనను అణచుకొనుటకు విధిగా చేసితీరవలసినట్లు తోచు పనులు మరియొకవైపు. చేతులు పదేపదే కడుగుకొనువారిని, తాళము వేసితినా లేదా యని వెనుకకు వచ్చి చూచువారిని మనమందరము ఎరుగుదుము. తలంపులే ప్రధానముగా గలవారు బయటికి కానరారు. నూటికి ఇద్దరికి జీవితములో ఎప్పుడో ఒకప్పుడు ఈ వ్యాధి కలుగునని అంచనా. ఇది ఒక మతమునకో దేశమునకో చెందినది కాదు. ఆంగ్లదేశపు మతబోధకుడు జాన్ బన్యన్ 1666లో ప్రచురించిన ఆత్మకథలో, తన దైవమును అమ్మివేయుమని మనస్సు తనను ఎంతకాలము వేధించినదో వ్రాసికొనెను.

ఇక్కడ పాఠకులు ముఖ్యముగా గ్రహింపవలసిన సంగతి యొకటి గలదు. ఇట్టి తలంపులు రోగులకు మాత్రమే వచ్చునవి కావు. 1978లో రాక్‌మన్, డి సిల్వా అను ఇరువురు మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ఆరోగ్యవంతులను ప్రశ్నింపగా, వారిలో అధికసంఖ్యాకులు తమకును ఇట్టి తలంపులు వచ్చుచుండునని తెలిపిరి. రోగుల తలంపులను, ఆరోగ్యవంతుల తలంపులను కలిపి చూపినచో ఏది ఎవరిదో నిపుణులకును చెప్పుట కష్టమైనది. 2014లో వెలువడిన మరియొక పరిశోధనలో 13 దేశములకు చెందిన 777 మంది విద్యార్థులను విచారింపగా, గడచిన మూడు నెలలలో ఒక్కటైనను ఇట్టి అవాంఛిత తలంపు వచ్చినవారు నూటికి 94 మంది యని తేలినది. మిద్దెమీద నిలిచినపుడు దూకవలెనని తోచుట, ఎదుట నున్న పెద్దమనిషిని కొట్టినట్లు దృశ్యము కనబడుట, పూజామందిరములో అసభ్యచిత్రము మెదలుట, ఇవన్నియు మానవ మనస్సునకు సహజములే.

మరి భేదమెక్కడ? నూటికి తొంబదిమంది "ఛీ, ఇదేమి తలంపు!" అనుకొని తమ పని తాము చూచుకొందురు. ఆ తలంపు వచ్చినట్లే పోవును. మిగిలినవారు "ఇట్టి తలంపు వచ్చినదన్న నేను ఎట్టివాడనై యుందును? దీనిని ఆపవలసిన బాధ్యత నాదే గదా" అని నిలిచిపోవుదురు. పాల్ సాల్కోవ్‌స్కిస్ అను శాస్త్రజ్ఞుడు 1985లో ఈ అతిబాధ్యతా భావమే వ్యాధికి మూలములలో ఒకటియని వివరించెను. అందుచేతనే ఎవనికి ఏది ప్రాణప్రదమో దానిమీదికే ఈ తలంపులు వచ్చును. భక్తునికి దైవదూషణ, బాలింతకు బిడ్డకు కీడు, శీలవంతునకు అశ్లీలము. నాస్తికునకు దైవదూషణ తలంపు వచ్చినను బాధించదు. బాధింపదు గనుక నిలువదు. మా యువకునితో నేను మొదట చెప్పిన మాట యిదియే. అతనికి నమ్మకము కుదురలేదు. ఒక్క మాటతో కుదిరినచో వ్యాధియే కాకపోవును.

తలంపును త్రోసివేయుటయే మందని అందరును అనుకొందురు. మన పల్లెలలో ఒక కథ చెప్పుకొందురు గదా: మందు త్రాగునపుడు కోతిని మాత్రము తలచుకొనకుమని వైద్యుడు చెప్పెనట, ఆ రోగికి గిన్నె ఎత్తినపుడెల్ల కోతియే కనబడెనట. ఈ కథనే 1987లో డేనియల్ వెగ్నర్ అను శాస్త్రజ్ఞుడు అమెరికాలో ప్రయోగముగా నిరూపించెను. అతడు విద్యార్థులను ఐదు నిముషములపాటు తెల్లని ఎలుగుబంటిని తలచుకొనవద్దనెను, తలంపునకు వచ్చినపుడెల్ల గంట మ్రోగింపుమనెను. గంటలు మ్రోగుచునే యుండెను. అంతేకాదు, తరువాత తలచుకొనవచ్చునని అనుమతి యిచ్చినపుడు, మొదటినుండి అనుమతి పొందినవారికంటె వీరికే ఆ ఎలుగుబంటి హెచ్చుగా తోచెను. తలంపు రాకుండ కాపలా కాయువాడు, వచ్చినదా యని చూచుటకైనను దానిని గుర్తుంచుకొనవలయును గదా!

శాస్త్రము తెలిసిన పెద్దలు ఇచ్చట ఒక ఆక్షేపణ చేయవచ్చును. త్రికరణములచేతను పాపము కలుగునని ధర్మశాస్త్రములు చెప్పుచుండగా మానసిక పాపమును తేలికగా త్రోసిపుచ్చుట న్యాయమా? న్యాయమైన ప్రశ్నయే. మనుస్మృతి పండ్రెండవ అధ్యాయమున మానసిక దోషములు మూడు చెప్పబడినవి: పరుల సొత్తును కాంక్షించుట, చెడును మనస్సున చింతించుట, అసత్యమైన దానిని పట్టుకొని విడువకుండుట. మూడును మనస్సు పూని చేయు పనులే. కోరి చేసిన చింతనము వేరు, కోరకయే వచ్చి గుండెలు అదరగొట్టిన మెరపు వేరు. శ్రీమద్భాగవతము ప్రథమస్కంధము పదునెనిమిదవ అధ్యాయములో పరీక్షిన్మహారాజు కలిపురుషుని చంపక విడుచుటకు కారణము చెప్పబడినది. కలియుగమున సత్కర్మ సంకల్పమాత్రముననే ఫలించును, దుష్కర్మ ఆచరించిననే గాని ఫలింపదు. తుమ్మెద పూవులోని సారమునే గ్రహించినట్లు ఆ రాజు ఈ గుణమునే గ్రహించెనట. మా యువకుడు భాగవతము చదివినవాడే. ఆ ఘట్టము అతనికి జ్ఞాపకమున్నది, తనకు వర్తించునని మాత్రము తోచలేదు.

వ్యాధిని పెంచునది తలంపుకంటె దాని తరువాత చేయు పని. పాడుమాట వచ్చినది, లెంపలు వేసికొంటిమి. మనస్సు క్షణకాలము కుదుటపడినది. ఆ కుదుటపాటే ఉచ్చు. "లెంపలు వేసికొన్నందుననే అపరాధము తప్పినది" అని మనస్సు నేర్చుకొనును. తరువాతిసారి రెండు వేసికొనవలసి వచ్చును. పిమ్మట పదకొండు. పారాయణము మొదటికి వచ్చుట, లోలోపల క్షమాపణ చెప్పుకొనుట, పాడుతలంపును కడిగివేయుటకు వెంటనే మంచినామము తలచుట, భార్యను అడుగుట, గుడికి పోకుండుట, అన్నియు ఒక్క తీరువే. భక్తితో చేయు జపమునకును, భయముతో చేయు ఈ జపమునకును భేదమెట్లు తెలియును? నా అనుభవములో ఒక గుర్తు చెప్పగలను. భక్తితో చేసిన జపము ముగిసిన తరువాత మనస్సు తేలికపడును, పది నిముషములు తగ్గినను బెంగ ఉండదు. భయముతో చేసినది ఎప్పటికిని ముగియదు. "సరిగా జరిగినదో లేదో" యను శంక మిగిలియే యుండును.

ఈ సందర్భమున మన ఆచార్యులు శరణాగతిని గూర్చి చెప్పిన బ్రహ్మాస్త్ర దృష్టాంతము గుర్తునకు వచ్చును. ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రముతో హనుమంతుని బంధించెను. చూచుచున్న రాక్షసులు అది చాలదేమోనని నారత్రాళ్లతో కూడ కట్టిరి. ఇతర బంధమును సహింపని బ్రహ్మాస్త్రము వెంటనే జారిపోయెను. ఒక్కసారి శరణన్నవానికి అభయమిత్తునని విభీషణుని విషయమున శ్రీరాముడు పలికిన వాక్యమును నమ్మినవాడు, అపరాధము సరిగా మన్నింపబడినదో లేదో యని నూరుసార్లు శరణనుట త్రాడుమీద త్రాడు కట్టుటయే. వేదాంతులు ఈ దృష్టాంతమును వేరొక ప్రయోజనమునకు చెప్పినను, ఇక్కడ ఇంతగా అతుకునని నేను అనుకొనలేదు.

చికిత్స విషయమునకు వత్తును. 1966లో విక్టర్ మేయర్ అను మనస్తత్త్వ వైద్యుడు లండనులో ఇరువురు రోగులకు చేసిన చికిత్సను ప్రకటించెను. వారిలో ఒక స్త్రీని పీడించినవి దైవదూషణ తలంపులే. భయము పుట్టించు సందర్భమును తప్పించుకొనక ఎదుర్కొనుట, ఎదుర్కొన్న పిదప అలవాటైన పరిహారకృత్యమును చేయకుండుట, ఈ రెండే ఆ పద్ధతికి ఆధారము. ఇప్పటికిని ఓ.సి.డి.కి ప్రధానమైన మానసిక చికిత్స యిదియే. సామాన్యముగా వారమునకు ఒకటి రెండుసార్లు చొప్పున పండ్రెండు మొదలు ఇరువది విడతలు పట్టును.

మా యువకుని విషయములో వైద్యుడు భయములను చిన్నదానినుండి పెద్దదానికి మెట్లుగా వ్రాయించెను. మొదటి మెట్టు, పటమునకు ఎదురుగా నిలిచి తలంపు వచ్చినను లెంపలు వేసికొనకుండుట. తరువాత పారాయణమును ఏది వచ్చినను ఆపక ఒక్కసారియే ముగించుట. తలంపుతో వాదింపరాదు, దానిని తరుమరాదు, "ఇది ఓ.సి.డి. తలంపు" అని గుర్తించి ఉండనీయవలయును. మొదటి దినములలో గుండెదడ, చెమట హెచ్చుగా నుండెను. ఏమియు చేయకయే ఊరకుండినచో ఆందోళన తనంతట తానే తగ్గునని అతనికి స్వయముగా తెలిసినది. వినుటకు సులభమే గాని చేయుట కష్టము. మొదటి వారమున అతడు మానివేయుదునని రెండుసార్లు అనెను. మంచి వైద్యుడు ఆచారవిరుద్ధమైన పనులు చేయింపడు. తోటిభక్తులు సహజముగా ఎంత చేయుదురో అంతకు మాత్రమే రోగిని తెచ్చును. భగవద్గీత ఆరవ అధ్యాయమున మనస్సు గాలివలె పట్టరానిదని అర్జునుడు మొరపెట్టగా, భగవానుడు కాదనలేదు. అభ్యాసవైరాగ్యములను ఉపాయముగా చెప్పెను. చంచలత్వమును అపరాధముగా నెంచి అర్జునుని మందలింపలేదు.

మందులును గలవు. ఫ్లూయోక్సెటిన్, సెర్ట్రలిన్, ఫ్లూవాక్సమిన్ మున్నగునవి తరచుగా వాడుదురు. క్లోమిప్రమిన్ అంతకు పాతది. ఈ వ్యాధికి మోతాదు కొంచెము హెచ్చుగా కావలసి వచ్చును, గుణము పూర్తిగా తెలియుటకు పది పండ్రెండు వారములు పట్టవచ్చును. రెండు వారములలో ఫలితము లేదని మానివేయుట, గుణము కనబడగానే వైద్యుని అడుగక ఆపుట, రెండును పొరపాట్లే.

ఇంటివారికి ఒక మాట. "నీవు మంచివాడవే, ఏమియు కాదు" అని పదేపదే ఓదార్చుట ప్రేమయే గాని అది కూడ లెంపలు వేసికొనుట వంటిదే, శంకకు మేత. మా యువకుని భార్యకు ఇది మిక్కిలి కష్టమైనది. వైద్యుని సలహాపై ఆమె "మీకు చాల బాధగా నున్నదని తెలియును. కాని ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పను. రండి, భోజనమునకు వేళయైనది" అనుట నేర్చుకొనెను. అర్చకస్వాములును, గురువులును మొదటిసారి ధైర్యము చెప్పవచ్చును. అదే మనిషి అదే ప్రశ్నతో పదవసారి వచ్చినపుడు మరియొక పరిహారము చెప్పక వైద్యునివద్దకు పంపుట మేలు. చేతబడియనియు గ్రహబాధయనియు వేలకు వేలు గుంజువారిని గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు.

గత మాసమున అతనిని కలిసితిని. ఆ మాటలు ఇంకను వచ్చుచున్నవా యని అడిగితిని. "వచ్చుచున్నవి మాస్టారూ. మొన్న తీర్థము పుచ్చుకొనునపుడు వచ్చినది. తీర్థము పుచ్చుకొంటిని" అనెను.

బాలింతల విషయము ప్రత్యేకముగా చెప్పవలయును. పసిబిడ్డను క్రింద పడవేయుదునేమో, కత్తి తగిలింతునేమో యను తలంపు వచ్చి బిడ్డను ఎత్తుకొనుటకే భయపడు తల్లులున్నారు. కొత్త తల్లులలో దాదాపు సగముమందికి, బిడ్డకు తాము కావలెనని కీడు చేసినట్లు అవాంఛిత తలంపు ఒక్కసారియైనను వచ్చుచుండునని పరిశోధనలు తెలుపుచున్నవి. తలంపును చూచి తల్లడిల్లుచున్న తల్లి బిడ్డకు హాని చేయునది కాదు. ఆమెనుండి బిడ్డను లాగికొనుట ఆమెను మరింత కుంగదీయును. అయితే ప్రసవానంతరము నిద్రలేకుండ, పొంతనలేని మాటలాడుచు, ఎవరో తనకు ఆజ్ఞాపించుచున్నారని, బిడ్డ మనుష్యమాత్రుడు కాడని నమ్మకముగా చెప్పుచుండినచో అది వేరైన వ్యాధి. ఆ దినముననే ఆస్పత్రికి తీసికొనిపోవలయును, తల్లీబిడ్డలను ఒంటరిగా విడువరాదు. అట్లే, తలంపుల బాధతో విసిగి ప్రాణము తీసికొనవలెనని ఎవరైనను అన్నచో దానిని తేలికగా తీసికొనరాదు.

హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్టణములోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు గలవు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఓ.సి.డి.కి ప్రత్యేక చికిత్సావిభాగము గలదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో రేయింబవళ్లు ఉచితముగా తెలుగులో మాట్లాడవచ్చును. మొదట మాట్లాడునపుడు ఆ తలంపు ఏమిటో వివరముగా చెప్పుటకు నోరు రానిచో, "చెప్పుకొనుటకు సిగ్గైన తలంపులు పదేపదే వచ్చుచున్నవి" అన్నను చాలును. అవతలివారు ఇట్టివి నిత్యము వినుచున్నవారే.