విద్యుదేకచక్రమున బ్యాటరీ నిండకుండుట: పరీక్షించు విధము

విద్యార్థులారా! కొంతకాలము క్రిందట మన పాఠశాల పూర్వవిద్యార్థి యొకడు చేతికి కట్టుతో మమ్ము జూడవచ్చెను. అతడు విశాఖపట్టణమున నుద్యోగము చేయుచు, ప్రతిదినము విద్యుదేకచక్రముపై పనికి బోవుచుండెడివాడు. పూర్వ మైదు గంటలు పట్టెడి ఛార్జి కొన్ని దినములుగా రెండున్నర గంటలలోనే ముగిసి, ఛార్జరు దీపము పచ్చబడుచుండెనట. బ్యాటరీ చుఱుకైనదని యతడు సంతసించెను. ఒకనాటి సాయంకాలము మిట్ట నెక్కుచుండగా చక్రమునకు శక్తి చాలకపోయెను. అతడు ముందునకు బడి మణికట్టు విఱుగగొట్టుకొనెను. ఆ పచ్చదీప మసత్యము పలికెనా? లేక దాని మాట నతడు సరిగా గ్రహింపలేదా? దీనిని విచారించుటయే యీ పాఠముయొక్క యుద్దేశము.

మొదట యంత్రమును గూర్చి కొంచెము చెప్పుదుము. ఒకే చక్రము, దాని కిరుప్రక్కల పాదములుంచుకొను పలకలు, చక్రనాభియందు మోటారు, పైని పెట్టెలో బ్యాటరీ: ఇదియే విద్యుదేకచక్రము. అమెరికా దేశమున షేన్ చెన్ అను నాతడు 2011 సం॥న 'సోలోవీల్' అను పేర దీనిని లోకమునకు దెచ్చెను. ఎక్కినవాడు ముందునకు వాలినంతనే యంత్రమందలి గ్రాహకము ఆ వాలును గుర్తించును. మోటారు చక్రమును ముందునకు నడిపి యతని పాదముల క్రిందికి దెచ్చును. కాబట్టి యతనిని నిలువబెట్టునది రెండవ చక్రము గాదు, మోటారుయొక్క శక్తియే. ఆ శక్తి లోపించిన క్షణముననే మనుష్యుడు పడును. బ్యాటరీ సంగతి యిక్కడ సౌకర్యమునకు సంబంధించినది మాత్రమే కాదు. ఎముకలకును ప్రాణమునకును సంబంధించినది.

బ్యాటరీ యనగా అనేక లిథియం ఘటముల కూర్పు. ఒక్కొక్క ఘటము నిండినప్పుడు 4.2 వోల్టు లుండును. కొన్ని ఘటములను సమాంతరముగా గలిపిన నొక జట్టగును. అట్టి జట్లను వరుసగా గూర్చిన వోల్టులు కూడును. 16 జట్లున్నచో 16 × 4.2 = 67.2 వోల్టులు, 20 జట్లున్నచో 84, 24 జట్లున్నచో 100.8. మన పూర్వవిద్యార్థి చక్రమున 16 జట్ల కట్టలు రెండు గలవు. ఒక్కొక్కటి 5 ఆంపియరు-గంటలది. రెండును సమాంతరముగా గలిసి 10 ఆంపియరు-గంట లగును. ఛార్జరు 2 ఆంపియరులది. 10ని 2చే భాగింపగా 5 గంటలు వచ్చును. ఈ లెక్కను మఱువకుడు.

ఛార్జరు మొదట స్థిరమైన ప్రవాహము నిచ్చును. వోల్టేజి 67.2 నకు జేరిన పిమ్మట దానినే నిలుపగా, ప్రవాహము క్రమముగా దగ్గును. మిక్కిలి తగ్గినప్పుడు ఎఱ్ఱదీపము పచ్చదగును. కనుక పచ్చదీపమునకు "బ్యాటరీ నిండినది" యని యర్థము గాదు. "ఇప్పుడు ప్రవాహము లేదు, లేక మిక్కిలి స్వల్పము" అని మాత్రమే యర్థము. నిండినను ప్రవాహ ముండదు. త్రోవలో తీగ తెగినను ఉండదు. దీపమున కీ భేదము తెలియదు. తెలిసికొనవలసినవారము మనమే.

ఇక బ్యాటరీ నిండనప్పుడు గోడనుండి లోపలికి వరుసగా బరీక్షింపవలెను.

మొదటిది గోడ ప్లగ్గు. ఛార్జరు దీప మసలు వెలుగనిచో, ఆ ప్లగ్గున వేఱొక దీపముంచి చూడుడు. ఛార్జరు త్రాడును చూడుడు. ఛార్జరు పెట్టెను మాత్రము విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత గూడ లోపలి కెపాసిటరులలో విద్యుత్తు నిలిచియుండును.

రెండవది ఛార్జరు. మల్టీమీటరును 200 వోల్టుల డి.సి. స్థానమున నుంచి దాని కొనయందు కొలువవలెను. 16 జట్ల బ్యాటరీ ఛార్జరు సుమారు 67.2 చూపవలెను. చాల తక్కువ చూపినచో దోషము ఛార్జరుదే. 84 చూపినచో నది వేఱొక చక్రమునకు జెందినది. దానిని తగిలించుట ప్రమాదకరము. ఈ కొలత పెద్దల యెదుటనే చేయదగినది. 60 వోల్టులు మించిన డి.సి. నిరపాయమైనది గాదు, కొలుచు సూదు లొకదాని నొకటి తాకిన నిప్పురవ్వలు లేచును.

మూడవది చక్రముయొక్క ఛార్జి రంధ్రము. ఖాళీ బ్యాటరీకి సరియైన ఛార్జరు తగిలించినను దీపము మొదటినుండియు పచ్చగానే యున్నచో త్రోవ యెక్కడనో తెగినదని యూహింపవచ్చును. రంధ్రమందలి పిన్ను లోపలికి బోయియుండవచ్చును. వాననీటిచే చిలుము పట్టియుండవచ్చును. వెనుకనున్న టంకపు అతుకు చీలియుండవచ్చును. అట్టి స్థితిలో క్రొత్త ఛార్జరు కొనుట రూకలను పాఱవేయుటయే. పిన్నులను లోహపు సూదితో గీకవలదు. కన్నులతో చూచి, అతుకు పనిని నేర్పరికి విడువవలెను.

నాలుగవది బ్యాటరీ. దీనియందే విశేష మున్నది. పచ్చదీపము వచ్చిన పిమ్మట రెండు బ్యాటరీలను కొలిచితి మనుకొందము. రెండును 63.95 వోల్టులే చూపినవి. రెంటికిని రోగ మొక్కటియేనా? లోపలి జట్లను వేఱువేఱుగా జూతము.

మొదటి బ్యాటరీ: 15 జట్లు 3.98 చొప్పున 59.70, ఒక జట్టు 4.25, మొత్తము 63.95.

రెండవ బ్యాటరీ: 15 జట్లు 4.20 చొప్పున 63.00, ఒక జట్టు 0.95, మొత్తము 63.95.

మొత్త మొక్కటియే, స్థితులు వేఱు. తరగతి మొత్తపు మార్కులను జూచి యందు తప్పిన పిల్లవానిని కనుగొనలేము గదా! ఇదియు నట్టిదే.

మొదటి దానిలో నొక జట్టు తక్కినవానికంటె ముందుగా నిండినది. అది హద్దు మీఱగానే లోపలి రక్షక ఫలకము ఛార్జిని నిలిపివేసినది. దీనినే బి.ఎం.ఎస్. అందురు. ఈ ఫలకము హెచ్చుగా నిండిన జట్టునుండి సన్నని ప్రవాహమును నిరోధకములద్వారా ఖర్చుచేసి జట్లను సమముచేయును. ఈ పని మిక్కిలి నెమ్మది. కావున పచ్చదీపము వచ్చిన తరువాతను కొన్ని గంటలు ఛార్జరును తగిలించియే యుంచవలెను. మనము మేల్కొని దగ్గఱ నుండవలెను. రెండు మూడు మాఱు లిట్లుచేసినను మొత్తము పెరుగనిచో నేర్పరికి చూపవలెను.

రెండవ దానిలో నొక జట్టు చచ్చినది. దానిని బలవంతముగా నింప బ్రయత్నింపరాదు. ఫలకమును తప్పించి నేరుగా తీగలు కలుపుట బొత్తిగా కూడదు. లిథియం ఘటము మితిమీఱి ఖాళీయైనప్పుడు లోపలి రాగిరేకు కరగి, మరల నింపునప్పుడు రాగి పేరుకొని ధ్రువములను కలుపవచ్చును. అందువలన నిప్పు పుట్టవచ్చును. అట్టి బ్యాటరీని చెత్తకుండిలో వేయక, సేకరించు కేంద్రమునకే యీయవలెను. మన దేశమున 2022 సం॥పు బ్యాటరీ వ్యర్థముల నియమములచే, ఉపయోగించిన బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యత తయారుచేయువారిపై నున్నది.

జట్ల వోల్టులను కొన్ని క్రొత్త చక్రములు సెల్‌ఫోనులోనే చూపును. తక్కినవానికి పెట్టె విప్పవలెను; అది బాలుర పని గాదు. శీతలదేశములం దున్న మన పూర్వవిద్యార్థు లొక మాట గుర్తుంచుకొందురు గాక: సున్న సెంటిగ్రేడునకు దిగువనున్న బ్యాటరీని నింపినచో లోపల లిథియం లోహము పేరుకొని చెఱుపు గలుగును. చక్రమును మొదట ఇంటిలో వెచ్చబడనిచ్చి పిమ్మట నింపవలెను. బ్యాటరీ యుబ్బినను, వింత వాసన కొట్టినను, తాకరానంత వేడెక్కినను పరీక్షల నన్నిటిని మాని, గోడవద్ద విద్యుత్తు నాపి, మనుష్యులను దూరముగా బంపి, అగ్నిమాపకులకు దెలుపవలెను.

ఇక మన పూర్వవిద్యార్థి సంగతి. మరమ్మతు చేయువాడు పెట్టె విప్పి చూడగా, రెండు కట్టలలో నొకదానినుండి మోటారునకు శక్తి నిచ్చు సంధానము అదరుటచే ఊడియుండెను. ఆ కట్ట ఛార్జరునకు గలిసియే యుండి, నిండి, పనిలేక కూర్చుండెను. భారమంతయు రెండవ కట్టపై బడెను. ఖర్చగునది సగమే గనుక నింపుటకును సగము కాలమే పట్టెను. 5 ఆంపియరు-గంటలను 2చే భాగింపగా రెండున్నర గంటలు! మొత్తపు వోల్టులు 67.2, దీపము పచ్చ. ఏదియు నసత్యము పలుకలేదు. గడియారము మాత్రము నిజమును ప్రతిరాత్రియు చెప్పుచుండెను. "ఒకమాఱు నింపినచో పోవు దూరము కూడ తగ్గినదండీ, నేనే లెక్కచేయలేదు" అని యతడు మాతో ననెను. ఆ సంధానమును మరల కలుపుటకు ముందు రెండు కట్టలను సమాన వోల్టులకు దెచ్చిరి. ఏలయన, ఎక్కువ తక్కువలుగా నున్న కట్టలను కలిపినచో, ఒకదానినుండి మఱియొకదానిలోనికి విపరీతమైన ప్రవాహము దుముకును.

కాబట్టి బాలురారా, ఛార్జి ఆలస్యమైనప్పుడే గాక, అకారణముగా త్వరపడినప్పుడును సందేహింపుడు. ఎంత కాలము పట్టినది, ఎంత దూరము పోయినది యను రెండంకెలను ప్రతివారము పుస్తకమున వ్రాసికొనుడు. ఆ రెండంకెలు వ్రాసియున్నచో నతని మణికట్టు విఱుగకుండెడిది.

అభ్యాసము

1. 20 జట్ల బ్యాటరీ పూర్తిగా నిండిన నెన్ని వోల్టులు చూపవలెను? 19 జట్లు 4.20 చొప్పున నుండి మొత్తము 81.80 చూపినచో, మిగిలిన జట్టున నెన్ని వోల్టులున్నవి? అట్టి బ్యాటరీని వాడవచ్చునా?

2. 15 ఆంపియరు-గంటల బ్యాటరీ పూర్తిగా ఖర్చయినను, 3 ఆంపియరుల ఛార్జరుతో రెండున్నర గంటలలోనే నిండినట్లు తోచినది. దేనిని శంకింపవలెను?

3. ఖాళీ బ్యాటరీకి తగిలించినను దీపము మొదటినుండియు పచ్చగా నున్నది. క్రొత్త ఛార్జరు కొనుటకు ముందు చేయవలసిన పరీక్షలను వరుసగా వ్రాయుడు.