షాపు అద్దె అప్పుగా ఎలా మారింది?

ఇంటర్‌లో కామర్స్ తీసుకున్న నాటి నుంచి చిట్టా, ఆవర్జా, అంకణా అని వల్లె వేస్తూ వచ్చినవాళ్ళం మనం. అద్దె చెల్లిస్తే లాభనష్టాల ఖాతాకు డెబిట్. అంతే. ఎం.కాం. పూర్తిచేసి ఇంటర్వ్యూలకు వెళ్ళిన మాకు మొదటి దెబ్బ ఈ అద్దె దగ్గరే తగిలింది. "మూడేళ్ళ ఒప్పందం మీద షాపు తీసుకున్నాం, ఎలా రాస్తారు?" అని అడిగితే పాత పాఠమే అప్పజెప్పి వచ్చాం.

కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2015 ఫిబ్రవరిలో 'ఇండ్ ఏఎస్' ప్రమాణాలను ప్రకటించింది. నికర విలువ 500 కోట్లు, ఆపైన ఉన్న కంపెనీలకు 2016 ఏప్రిల్ 1 నుంచి ఇవి తప్పనిసరి అయ్యాయి. మరుసటి ఏడాది 250 కోట్ల కంపెనీల వంతు వచ్చింది. (బ్యాంకులు, బీమా సంస్థల సంగతి వేరు.) వీటిలో అద్దెలు, లీజులకు సంబంధించిన 116వ ప్రమాణం 2019 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది.

ఏడాది చివర లక్ష చొప్పున మూడేళ్ళు అద్దె కట్టాలనుకుందాం. వడ్డీ రేటు 10 శాతం. ఆ మూడు లక్షల వర్తమాన విలువ రూ. 2,48,685. తొలిరోజే ఇంత మొత్తం ఆస్తి అప్పుల పట్టీలో ఒకవైపు 'వినియోగ హక్కు' అనే ఆస్తిగా, మరోవైపు అప్పుగా ఎక్కుతుంది. మొదటి ఏడాది తరుగుదల రూ. 82,895, వడ్డీ రూ. 24,869, వెరసి రూ. 1,07,764 ఖర్చు. రెండో ఏడాది రూ. 1,00,250, మూడో ఏడాది రూ. 91,986. కూడి చూడండి, అదే మూడు లక్షలు! కట్టే డబ్బు మారలేదు, ఖర్చు ముందుకు జరిగిందంతే.

లెక్క సులువే. కష్టమంతా దాని వెనుక ఉంది. బ్రాంచీలన్నిటి నుంచి ఒప్పంద పత్రాలు తెప్పించాలి. గడువు పొడిగించుకునే వీలుంటే కంపెనీ దాన్ని వాడుకుంటుందా లేదా తేల్చాలి. వడ్డీ రేటు ఎందుకు అంత పెట్టామో ఆడిటరుకు చెప్పాలి. కొత్తగా రూపాయి తేకపోయినా అప్పు పెరిగినట్టు కనిపిస్తుంది కనుక బ్యాంకుకు సంజాయిషీ కూడా అకౌంటెంటే ఇచ్చుకోవాలి. పన్నెండు నెలలలోపు ఒప్పందాలకు, తక్కువ విలువ వస్తువులకు మాత్రం పాత పద్ధతిలోనే ఖర్చు రాసుకోవచ్చు.

అలాగని తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పాత పుస్తకాలు పారేయకండి. ఇండ్ ఏఎస్ వర్తించని చిన్న కంపెనీలకు నేటికీ ఏఎస్ 19 ప్రమాణమే. షాపు అద్దె అక్కడ ఇంకా ఖర్చే. ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వస్తే, "మీ కంపెనీకి ఏ ప్రమాణాలు వర్తిస్తాయండీ?" అని ముందు అడగండి. మేం అడగలేదు.