దుమ్ము తుపానుకి తువ్వాలు చాలదు

ప్రశ్న: మాది రాజంపేట. కువైట్‌లో బిల్డింగ్ పనుల్లో ఉన్నాను. దుమ్ము తుపాను లేస్తే ముఖానికి తువ్వాలు చుట్టుకుంటాను. అయినా రాత్రికి దగ్గు, గొంతులో గరగర. ఏ మాస్క్ వాడాలి డాక్టర్ గారూ?
– ఒక పాఠకుడు

జవాబు: తువ్వాలైనా, అక్కడివాళ్లు చుట్టుకునే గుత్రా అయినా ఇసుకను ఆపుతాయి. ఊపిరితిత్తుల లోతుకు దిగే 2.5 మైక్రాన్ల లోపు ధూళిని మాత్రం పెద్దగా ఆపలేవు. సర్జికల్ మాస్క్‌కి బుగ్గల పక్కన సందులుంటాయి. మీకు కావలసింది ఎన్95 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ2. ఎన్95 పొర 0.3 మైక్రాన్ల కణాల్లో కనీసం 95 శాతాన్ని పట్టేస్తుంది.

అయితే అది ముఖానికి అతుక్కుని ఉండాలి. ఒక పట్టీ తల వెనక పైభాగాన, రెండోది చెవుల కింద మెడ మీద ఉండాలి. ముక్కు మీది రేకును రెండు చేతుల వేళ్లతో నొక్కండి. ఊపిరి వదిలినప్పుడు కళ్లకు గాలి తగిలితే మళ్లీ సర్దుకోండి. గడ్డం పెంచితే అంచు కుదరదు. ఎండలో పనిచేసేవారికి వాల్వ్ ఉన్న రకం హాయి. మాస్క్‌ను ఉతకొద్దు, చెమటకు తడిసినా, గాలి పీల్చడం కష్టమైనా మార్చేయండి.

కళ్లకు పక్కలు మూసుకునే గాగుల్స్ పెట్టుకోండి. తుపాను ముదిరితే మాస్క్ ఉంది కదా అని బయట ఉండొద్దు. ఆయాసం, పిల్లికూతలు ఉంటే వెంటనే డాక్టర్‌కి చూపించుకోండి.