స్ఫటికం మీద పరుగెత్తే ధ్వని

విశాఖ పరీక్షార్థులు ఉపరితల ధ్వని తరంగ (సా) అనునాదకాల పాఠాన్ని వాల్తేరు నుంచే మొదలుపెట్టడం మంచిది. 1940వ దశకంలో అక్కడి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య సూరి భగవంతం, జె. భీమసేనాచార్ అతిధ్వనులతో స్ఫటికాల స్థితిస్థాపక స్థిరాంకాలు కొలిచారు. స్ఫటికంలో తరంగ వేగం ప్రధానంగా వాటిమీదే ఆధారపడుతుంది. వేగం తెలియనిదే అనునాదకం డిజైన్ లేదు. ఎంతో విలువైన పని అది!

ఉపరితల తరంగాలను 1885లో లార్డ్ రేలీ సిద్ధాంతీకరించారు. భూకంపాల్లోనూ ఇవి పుడతాయి. 1965లో శాస్త్రవేత్తలు వైట్, వోల్ట్‌మర్ దువ్వెన పళ్ళలా ఒకదానిలో ఒకటి ఇమిడిన లోహపు ఎలక్ట్రోడ్లతో వాటిని క్వార్ట్జ్‌పై పుట్టించారు.

లెక్క చూడండి. ఎస్‌టీ-కట్ (ఒక ప్రత్యేక కోణంలో కోసిన) క్వార్ట్జ్‌పై ఈ తరంగాల వేగం సెకనుకు సుమారు 3158 మీటర్లు. కారు రిమోట్లలో వాడే 433.92 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం 7.28 మైక్రోమీటర్లు. ఒక్కో అల్యూమినియం పన్ను వెడల్పు సాధారణంగా అందులో నాలుగో వంతు, అంటే 1.82 మైక్రోమీటర్లు. ఇంత సన్నని గీతలకు ఫోటోలిథోగ్రఫీయే దారి. ఎలక్ట్రోడ్లకు ఇరుపక్కలా ఉండే పరావర్తక చారలు తరంగాన్ని మధ్యలో బంధించి అనునాదం తెస్తాయి. పైన దుమ్ము పడినా పౌనఃపున్యం మారుతుంది కనుక గాలి చొరబడకుండా సీలు వేస్తారు.

మొదట చెప్పుకున్న భగవంతం 1957–62లో బెంగళూరు ఐఐఎస్‌సీ డైరెక్టర్‌గా, 1961–69లో రక్షణమంత్రి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. ఈ రెండు బిట్లూ రాసిపెట్టుకోండి.